ఆసిడ్‌లో ఎంతసేపు?

ఎచింగ్‌లో గీత గీసేది చెయ్యే, కానీ రాగిని తవ్వేది మాత్రం ఆసిడ్. నున్నటి రాగి పలక మీద పల్చగా మైనం పూత వేసి, పొగ పట్టించి నల్లగా చేస్తారు. సూదితో గీస్తే పూత లేచిపోయి కింద రాగి మెరుస్తుంది. పలకను ఆసిడ్‌లో పెడితే గీసినచోటల్లా అది రాగిని తినేస్తుంది. లేతగా ఉండాల్సిన గీతల్ని వార్నిష్‌తో మూసేసి, మిగతావాటిని మళ్ళీ ఆసిడ్‌లో పెడతారు. ఎక్కువసేపు ఉంచితే గీత లోతవుతుంది, కాగితం మీద నల్లగా పడుతుంది. పైగా అచ్చులో బొమ్మ తిరగబడుతుంది. చూసింది చూసినట్టు గీస్తే కుడి చెంప కాస్తా ఎడమ చెంపవుతుంది.

ఇలాంటి గీతల్లోంచి మనిషి గుణం చెప్పొచ్చని పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ పాఠకులు చాలామంది నమ్మారు. జ్యూరిక్ పాస్టర్ యోహాన్ కాస్పర్ లావాటర్ 1775-78 మధ్య ముఖాల మీద నాలుగు భారీ సంపుటాలు వేశాడు. మన సాముద్రికానికి దూరపు చుట్టమే, కాకపోతే ఆయన దాన్ని సైన్స్ అనుకున్నాడు. మనిషిని తెలుసుకోవడానికీ, ప్రేమించడానికీ అని పుస్తకం పేరులోనే పెట్టుకున్నాడు. ఆ ప్రేమ దొంగది కాదనే నా నమ్మకం. నన్ను భయపెట్టేది కూడా అదే. ద్వేషంతో తీర్పు చెప్పేవాడికి ఎప్పుడైనా అనుమానం రావచ్చు, ప్రేమతో చెప్పేవాడికి ఎందుకొస్తుంది?

కానీ పుస్తకానికి ముఖాలు కావాలి. వాటిని రాగి మీదకి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు బెర్లిన్‌లో స్థిరపడ్డ దానియేల్ ఖొదొవియెట్స్కీ. బొమ్మ తన మాటకి సరిపోకపోతే ఎచింగ్ సరిగా రాలేదని లావాటర్ సణుగుతాడు. సరిపోతే మాత్రం అది ముఖం గొప్ప! నుదుటి మీద ఆ ముడత దృఢసంకల్పమా, లేక పలక ఆసిడ్‌లో రెండు నిమిషాలు ఎక్కువ ఉందా?

లావాటర్‌కి ఎదురు నిలిచినవాడు గాటింగెన్ ఫిజిక్స్ ప్రొఫెసర్ గేయార్గ్ క్రిస్టోఫ్ లిష్టెన్‌బెర్గ్. ఆయనది గూని వీపు. ఒంటిని చూసి మనిషిని అంచనా వేస్తే ఏమవుతుందో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అలాగని, 1778లో రాసిన వ్యాసంలో ముఖం ఏమీ చెప్పదని ఆయన అనలేదు. కోపం, సిగ్గు, నవ్వు లాంటి కదలికల్ని చదవొచ్చు. ముక్కు ఎముకని చదవలేం. ముఖం మీద మన స్వభావం ఒక్కటే కాదు, జబ్బూ వాతావరణమూ తిండీ బతుకు కొట్టిన దెబ్బలూ కూడా ఆనవాళ్ళు వదుల్తాయి.

వాదం బావుంది. కానీ ఎచింగ్ దగ్గరికొచ్చేసరికి నాకు చిక్కొచ్చిపడుతుంది. కదిలేదాన్ని కదలనిదిగా మార్చేయడమే కదా దాని పని! బెర్లిన్ కళాకారుడు గేయార్గ్ ఫ్రీడ్రిష్ ష్మిట్ 1758లో పీటర్స్‌బర్గ్‌లో ఉండగా చేసుకున్న స్వీయచిత్రం ఉంది. నెత్తిన టోపీ, కిటికీలో సాలీడు. పారిస్‌లో ఉలిలాంటి పనిముట్టుతో రాగిని నేరుగా చెక్కి, పెద్దమనుషుల విగ్గులూ లేసులూ పొందిగ్గా దించినవాడు, ఇక్కడ రెంబ్రాంట్‌లా సూదిని ఇష్టమొచ్చినట్టు తిరగనిచ్చాడు. చూసినప్పుడల్లా ఈయన నాకు తెలుసనిపిస్తుంది. ఆ చలాకీతనం మనిషిదా, సూదిదా? విడదీయలేను. అయినా ఆ పరిచయం పూర్తిగా భ్రమ అని కొట్టిపారేయడానికి మనసొప్పదు. ఆ చెయ్యి కూడా ఆయనదే కదా. ఒక క్షణపు చూపుని నమ్మడంలో తప్పులేదనే అనుకుంటాను. ఆ చూపుని తీసుకెళ్ళి ఎముకకి అంటగట్టి, ఈ మనిషింతే అనేయడంతోనే నాకు పేచీ.

ఖొదొవియెట్స్కీ ఏమనుకున్నాడో గానీ, అదే సూదితో లిష్టెన్‌బెర్గ్‌కి కూడా పనిచేశాడు. గాటింగెన్ పాకెట్ క్యాలెండర్ కోసం సహజంగా ఉండే మనుషుల్నీ, నటించే మనుషుల్నీ జంటలుగా పక్కపక్కన గీశాడు. బొమ్మలకి వ్యాఖ్య లిష్టెన్‌బెర్గ్‌ది. తేడా అంతా నిలబడ్డ తీరులో, చేతుల్లో, బట్టల్లో తెలిసిపోతుంది. ముఖాలు చూద్దామంటే శనగ గింజంత. ముక్కు కొలవడానికి చోటే లేదు.