చెవి యొగ్గుటయు దాసోహమే

పదిమంది నడుమ నున్న మనుష్యుడు తన చెవులను తన కొరకే మూసికొనవచ్చునా? చూచుటకిది చిన్న ప్రశ్న. కాని నేడు బస్సులందును, రైళ్లయందును, అంగళ్లయందును ఎవరి చెవిలో వారి పాట మ్రోగుచుండగా, ప్రక్కవాని పిలుపు వినబడకున్నది. కావున ఈ ప్రశ్న ధర్మవిచారణకు తగినదే.

1979 జూలై 1వ తేదీన జపాను దేశమున సోనీ సంస్థ వాక్‌మన్ అను చిన్న క్యాసెట్టు యంత్రమును అమ్మకమునకు పెట్టెను. ప్రక్కనున్నవారిని విడిచి ఒక్కడే పాట వినుట మర్యాద కాదని ఆ సంస్థ స్థాపకులలో నొకరైన అకియో మోరిటా తలంచెను. అందుచే మొదటి యంత్రమునకు ఇద్దరు వినుటకై రెండు జతల తీగలు తగిలించుకొను వీలుండెను. పాట ధ్వని తగ్గించి మాటలాడుకొనుటకు ఒక మీటయు నుండెను. కాని కొన్నవారు దానిని ఒంటిగానే వినగోరిరి. తరువాతి నమూనాలలో ఆ మీట మాయమయ్యెను. 2001లో ఐపాడ్ వచ్చెను. ఇప్పుడు ప్రతివాని జేబులోని సెల్‌ఫోనే ఆ పని చేయుచున్నది. తోడివానికి చోటు ఉంచిన యంత్రమును మనుష్యుడే ఒంటరి యంత్రముగ మార్చుకొనెను.

ఈ విషయమును మన వరంగల్లులోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టున నిలిచి ఆలోచింతము. మిర్చి, పత్తి పంట చేతికి వచ్చు దినములలో దూర గ్రామముల రైతులు రాత్రికే సరకుతో చేరి, బస్తాల ప్రక్కనే మేను వాల్చుదురు. తెల్లవారిన ధర యెట్లుండునో యను బెంగతో నిదురపట్టని యువకుడు చెవిలో పాట పెట్టుకొనిన తప్పేమి? శ్రమకు పాట తోడగుట నిన్న మొన్నటి మాట కాదు. నాట్లు వేయు స్త్రీలు పాడిరి, మోట తోలు రైతులు పాడిరి. అయితే ఆ పాట నొకరెత్తుకొన్న పదిమంది అందుకొనెడివారు. చెవిలోని పాట నెవ్వరును అందుకొనలేరు.

తెల్లవారిన పిమ్మట అచ్చట మరియొక పాట మొదలగును. అది జెండా పాట. వ్యాపారులు సరకు చుట్టును చేరి, అందరును వినునట్లు ధర పలుకుదురు. మన భాషలో గానమునకును, వేలమునకును 'పాట' యనునది యొక్కటే మాట. ఈ రెండవ పాటకు బలము పదిమంది చెవులే. జెండా పాటలో పలికిన ధర యొకటి, తమ సరకుకు దక్కిన ధర మరియొకటి యని రైతులు మొరపెట్టుకొనుట అచ్చట కొత్త కాదు. కాంటా యొద్ద దడ్వాయి పలికిన తూకమునకును, తరుగు పేర తీసిన లెక్కకును విన్నవారే సాక్షులు. చదువురాని వృద్ధుడు "ఎంత పలికిండ్రు బిడ్డా?" యని ప్రక్కనున్న యువకు నడుగును. వాని చెవులు మూతపడియున్నవి. బస్తా నెత్తిన పెట్టుకొనిన హమాలీ "జరుగుండ్రి, జరుగుండ్రి" యని కేక వేయును. ఆ కేకయు వానికి వినబడదు.

బహిరంగ స్థలమున మన చెవి మన ఒక్కరి సొత్తు కాదు. అందులో తోడివారికి భాగమున్నది. ఆ భాగము ముఖ్యముగ బలహీనునిది. ఏలయన, బలవంతునకు తన మాట వినిపించుకొనుటకు వేయి మార్గములున్నవి. బలహీనునకు ప్రక్కవాని చెవి యొక్కటే యున్నది.

ఇచ్చట నొక ఆక్షేపణ రావచ్చును. వీరశైవుడు ఇష్టలింగమును కరస్థలమున నిలిపి, దృష్టిని దానియందే లగ్నము చేయును గదా. అదియు లోకమునకు మూతపడుట కాదా యని అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. కాని బసవేశ్వరుని మార్గమున లింగముతోపాటు జంగమము నున్నది. కరస్థలమున చూచిన శివుని ఎదుటి మనిషియందు గుర్తించినపుడే ఆ పూజ పూర్ణము. ఏకాంతమునకు పరీక్ష యిదియే: దానినుండి లేచినవాడు తోడివానికి దగ్గరయ్యెనా, దూరమయ్యెనా? మనసు తేరుకొనుటకు విన్న పాట మనలను మనుష్యులయొద్దకు తిరిగి పంపును. తప్పించుకొనుటకు విన్న పాటకు ముగింపు లేదు. ఒకటి అయినంతనే మరియొకటి మొదలగును.

పన్నెండవ శతాబ్దమున కల్యాణమునందలి అనుభవమంటపమున పడవ నడుపు అంబిగర చౌడయ్య మాటయు, బట్టలుతుకు మడివాళ మాచయ్య మాటయు సభలో వినబడినవి. మాటలాడుటకు చోటిచ్చుట యెంత గొప్పదో, విని గౌరవించుటయు నంత గొప్పదే. మన ఓరుగల్లు సీమలోని పాలకురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో రచించెను. పదిమంది కూడి పాడుకొనుటకును, వినుటకును అనువైన ఛందస్సది. దాసోహమన అన్నము పెట్టుట మాత్రమే కాదు. తన కాలమును, తన చెవిని ఎదుటివాని కిచ్చుటయు దాసోహమే. దానికి ధనము అక్కరలేదు.

కావున పాటను విడువుమని చెప్పుట లేదు. రాత్రి బస్తాల నడుమ హాయిగా వినుడు. తెల్లవారి జెండా లేచిన తరువాత చెవులను నలుగురికి అప్పగింపుడు. బస్సులో నెవరైన మీవైపు తిరిగి పెదవి కదిపిన, వెంటనే తీగను తీయుడు. తీయుటకు క్షణము చాలును. ప్రక్కనున్న వృద్ధునకు ఆ క్షణము ఒక యేటి పంట విలువ కావచ్చును.