ఏలీయా నిద్ర – మన బిడ్డల మెలకువ



ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిసిన పిమ్మట ఒక తల్లి నా వద్దకు వచ్చింది. "మా పిలగాడు రాత్రంత ఫోన్ పట్టుకొని కూసుంటుండు ఫాదర్. పొద్దుగాల లేవడు, కాలేజీకి పోడు. మీరన్న జర గట్టిగ చెప్పుండ్రి" అని కన్నీరు పెట్టుకున్నది. ఆ కుటుంబం పేరు, ఊరు చెప్పను. గద్వాలలోను, వనపర్తిలోను, నాగర్‌కర్నూలులోను ఇటువంటి తల్లులు ఎందరో ఉన్నారు.

అబ్బాయిని పిలిపించి గట్టిగానే చెప్పాను. తల వంచుకొని విన్నాడు. వెళ్ళబోతూ ఒక్క మాటన్నాడు: "ఫోన్ పక్కకు పెడితే ఏవేవో ఆలోచనలొస్తయి ఫాదర్. వాటికి భయపడే చూస్త." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉపదేశమైతే చేశాను గాని, ఆ బిడ్డను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు గదా అనిపించింది.

మరునాడు రాజుల మొదటి గ్రంథము 19వ అధ్యాయము తెరిచాను. కర్మెలు కొండపై అంతటి విజయం సాధించిన ఏలీయా ప్రవక్త, రాణి బెదిరింపుకు భయపడి పారిపోయాడు. సేవకుని బేర్షెబాలో విడిచి, ఒంటరిగా ఎడారిలోకి పోయి, ఒక పొద నీడన కూలబడి, ఇక నా ప్రాణం తీసికొమ్మని దేవుని వేడుకున్నాడు. అప్పుడు దేవుడేమి చేశాడు? విశ్వాసం తక్కువైనదని గద్దించలేదు. దేవదూతను పంపాడు. ఆ దూత అతనిని చేతితో తట్టి లేపి, రొట్టె, నీళ్ళు చూపాడు. తిని మరల పడుకుంటే మరల వచ్చి లేపాడు. ఆ బలముతో నలుబది దినాలు నడిచి హోరేబు కొండ చేరిన తరువాతనే దేవుడు మాట్లాడాడు. అదియును ఉపదేశంతో కాదు, ఇక్కడ ఏమి చేయుచున్నావని ప్రశ్నతో మొదలుపెట్టాడు. ప్రవక్త తన బాధ రెండుసార్లు చెప్పుకుంటే రెండుసార్లూ విన్నాడు. చివరకు ఎలీషాను తోడుగా చూపాడు.

స్పర్శ, ఆహారం, నిద్ర, ప్రశ్న, తోడు. ఇదీ దేవుని వరుస. నేను ఆ అబ్బాయి విషయంలో వరుస తలక్రిందులు చేశాను.

మన బిడ్డల స్థితి కాస్త ఆలోచించండి. మన పాలమూరు వలసల నేల. బొంబాయి, పుణె పనులకు పోయిన తల్లిదండ్రులు, నానమ్మ దగ్గర పెరిగిన పిల్లలు మనకు కొత్త కాదు. 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత ఇంటిలో మొట్టమొదట డిగ్రీ మెట్టెక్కిన పిల్లలు ఎందరో. ఇంటివారి ఆశలన్నీ ఆ ఒక్క బిడ్డ భుజాలమీదనే. 2020లో కరోనా వచ్చి తరగతులు ఫోనులోకి మారినప్పుడు, అప్పుచేసియైనా ఫోను కొనిచ్చింది మనమే. చదువుకోసం ఇంటిలోకి వచ్చిన ఆ వస్తువు, చదువు ముగిసినా చేతిని విడువలేదు.

దాని తీరు కూడ తెలిసికోవాలి. వార్తాపత్రికకు చివరి పుట ఉంటుంది. రాత్రంతా ఆడిన బాగోతం తెల్లవారితే ముగుస్తుంది. ఫోనులో చిన్న వీడియోలకు ముగింపు లేదు. ఒకటి అయిపోగానే మరొకటి దానంతటదే వస్తుంది. తరువాత వచ్చేది బాగుంటుందేమోనన్న ఆశే వేలిని కదిలిస్తుంది. మనిషి ఎంతసేపు చూస్తే ఆ వ్యాపారానికి అంత లాభం. అందుకే దానిని అట్లా మలిచారు. నిద్ర చెడితే ఏకాగ్రత పోతుంది, మనసు క్రుంగుతుంది. క్రుంగిన మనసు మరల ఫోనునే ఆశ్రయిస్తుంది. ఏది కారణమో, ఏది ఫలితమో తెలియని సుడిగుండం ఇది.

ఇది పూర్తిగా కొత్త జబ్బు కాదు. 4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో తపస్సు చేసిన ఎవాగ్రియుస్ అను మఠవాసి, మధ్యాహ్నవేళ సన్యాసిని పట్టే ఒక నిస్పృహను వర్ణించాడు. కుదురుగా కూర్చోనివ్వదు, మాటిమాటికీ కిటికీవైపు చూపిస్తుంది, చేసే పనిమీద విసుగు పుట్టిస్తుంది. ఆనాటి కిటికీ ఈనాడు అరచేతిలోకి వచ్చింది.

అయితే ప్రతి విసుగూ జబ్బు కాదు, ప్రతి జబ్బూ పాపం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీడియో ఆటల వ్యసనాన్ని రోగాల పట్టికలో చేర్చింది. 2022 జనవరి నుండి అది అమలులో ఉన్నది. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ ఫోను, ఇంటర్నెట్టు అతివాడకానికి 2014లోనే ప్రత్యేక చికిత్సాలయం తెరిచింది. కనుక వైద్యుని వద్దకు పోవడం సిగ్గు కాదు, విశ్వాసలోపం అంతకన్నా కాదు. 2022లో మొదలైన ప్రభుత్వ టెలీమానస్ సేవలో 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. బిడ్డ నోట చావు మాట వస్తే నవ్వి త్రోసివేయకండి, తిట్టకండి, ఒంటరిగా వదలకండి. ఆ దినమే వైద్యునికి చూపించండి. ఏలీయావంటి ప్రవక్త నోటనే ఆ మాట వచ్చినది గదా!

ఇక ఇంటిలో చేయదగినవి. రాత్రి భోజనవేళ అందరి ఫోనులు ఒక బుట్టలో పెట్టండి. నాన్నగారి ఫోను ముందుగా పడాలి! పడుకునే గదిలోకి ఫోను పోనివ్వకండి. ఫోను లాక్కుని పగులగొట్టినవారు బిడ్డను గెలుచుకోలేదు. చెప్పుకునే దారి కూడ మూసివేశారు. హాస్టలులో ఉన్న బిడ్డకు ఫోను చేస్తే మార్కులు తరువాత అడగండి. తిన్నావా, నిద్రపోయావా అని ముందడగండి. జపమాల తరువాత పది నిముషాలు బిడ్డ చెప్పేది వినండి. విచారణ యువకులారా, మూడు వారాలుగా పూజకు రాని మిత్రుని ఇంటికి వెళ్ళండి. మెసేజి పంపడం చాలదు, మనిషి వెళ్ళాలి.

2025 సెప్టెంబరు 7న లియో జగద్గురువులు పునీతునిగా ప్రకటించిన కార్లో అకూటిస్‌ను మన యువతకు చూపండి. 2006లో పదునైదవ ఏటనే లుకేమియాతో మరణించిన ఈ బాలుడు కంప్యూటరును ద్వేషించలేదు. దానితోనే దివ్యసత్ప్రసాద అద్భుతాలను లోకానికి తెలిపాడు. కాని ఆటలకు వారానికి ఒక గంట అని తనకు తానే హద్దు గీసుకున్నాడు. పనిముట్టు చేతిలో ఉండాలి, మనం దాని చేతిలో ఉండరాదు.

ఆ అబ్బాయిని మరల పిలిచాను. ఈసారి అన్నం పెట్టి, "ఏమి ఆలోచనలు వస్తున్నాయి నాయనా?" అని అడిగి ఊరకున్నాను. చాలాసేపు మాట్లాడాడు. ఒక సబ్జెక్టు తప్పిన సంగతి ఇంటిలో చెప్పలేక, ఆరు నెలలుగా ఒక్కడే మోస్తున్నాడు. అతని అంగీకారంతో తల్లికి చెప్పాము, ముగ్గురం కలిసి వైద్యుని వద్దకు వెళ్ళాము. ఫోను ఇంకా ఉన్నది. కాని ఇప్పుడు రాత్రి నిద్రపోతున్నాడు.

మన ఇంట కూడ ఏ పొద నీడనో ఒక ఏలీయా కూలబడి ఉండవచ్చు. ఈ రాత్రి ఆ గది తలుపు మెల్లగా తట్టండి. రొట్టెతో వెళ్ళండి, తీర్పుతో కాదు. అలసిన వారినందరినీ తన చెంతకు పిలిచిన క్రీస్తునాథుడు మన బిడ్డలకు మంచి నిద్రను, మంచి తోడును దయచేయునుగాక. ఆమెన్.