ముద్దాయి పక్షాన నిలిచేవాడు: న్యాయవాది, కక్షిదారు బంధంపై ఒక నైతిక పరిశీలన

1893 అక్టోబరులో గుంతకల్లులో ఇద్దరు స్త్రీల వెంటపడిన తెల్ల సైనికులకు రైల్వే గేటు కాపలాదారు హంపన్న అడ్డు నిలిచాడు. వారిలో ఒకడు కాల్చగా తూటా తగిలి మరణించాడు. గుత్తిలో ప్లీడరుగా ఉంటూ 'ది హిందూ' పత్రికకు వార్తలు పంపుతున్న కేశవపిళ్లె ఈ ఉదంతాన్ని ప్రజల దృష్టికి తెచ్చాడు. కేసు మద్రాసు హైకోర్టుకు చేరింది. నిందితుడైన సైనికుడు నిర్దోషిగా విడుదలయ్యాడు. తరువాత హంపన్న పేర స్మారక శిల వెలసింది.

అనంతపురం ప్రాంతంలో ఈ కథను హంపన్న వైపు నుంచే చెప్పుకుంటారు. అది సహజమే, సముచితమే. అయితే కథలో చోటు దక్కని పాత్ర ఒకటి ఉంది: ముద్దాయి తరఫున వాదించే న్యాయవాది. ఇటువంటి నేరంలో ఆ పక్షాన నిలవడం తప్పా? హంపన్నను గౌరవించేవారు ఈ ప్రశ్నను తప్పించుకోజాలరు. ఇక్కడ తప్పని అంటే రేపు మరొక ముద్దాయి విషయంలో ఒప్పని చెప్పడానికి ఆధారం మిగలదు.

భారత బార్ కౌన్సిల్ నియమాలు దీనికి స్పష్టమైన సమాధానమే ఇస్తున్నాయి. ముద్దాయి దోషి అని తన మనసుకు తోచినప్పటికీ న్యాయవాది అతని తరఫున వాదించాలి. అతని విధేయత చట్టానికి. తగిన సాక్ష్యం లేనిదే ఎవరికీ శిక్ష పడరాదన్నది ఆ చట్టం కోరేది. అంటే న్యాయవాది తన కక్షిదారు మంచితనానికి హామీదారు కాడు. 'ఇతడు నిర్దోషి' అన్నది అతని వాదం కాదు, 'నేరం రుజువు కాలేదు' అన్నదే అతని వాదం. ఈ రెండు వాక్యాల మధ్య దూరాన్ని తెలుగు పాఠకలోకం తరచు విస్మరిస్తుంది. వకీలును అబద్ధాల వ్యాపారిగా చూపే హాస్యోక్తులన్నీ ఆ విస్మరణ నుంచే పుడతాయి.

ఈ సూత్రం ఎంత బరువైనదో 1840లో లండన్‌లో తేలింది. లార్డ్ విలియం రస్సెల్ హత్య కేసులో ముద్దాయి కూర్వాజియే విచారణ మధ్యలో నేరాన్ని తన న్యాయవాది చార్లెస్ ఫిలిప్స్ ఎదుట ఒప్పుకున్నాడు. అయినా వాదన కొనసాగించవలసిందేనని సలహా వచ్చింది, ఫిలిప్స్ కొనసాగించాడు. ముద్దాయికి ఉరిశిక్ష పడింది. అయినా ఫిలిప్స్‌పై విమర్శ ఏళ్ల తరబడి ఆగలేదు. సాక్ష్యాన్ని పరీక్షించడం వేరు, నేరం చేయలేదని తెలిసినవారి మీదికి అనుమానాన్ని మళ్లించడం వేరు. మొదటిది విధి. రెండవది ఏ కక్షిదారూ కొనజాలని సేవ.

హంపన్న కేసు వద్దకు తిరిగి వస్తే అసలు లోపం డిఫెన్సులో లేదనిపిస్తుంది. 1884 నాటి సవరణ ప్రకారం యూరోపియన్ బ్రిటిష్ ప్రజ తన విచారణకు జూరీలో కనీసం సగం మంది యూరోపియన్లు లేదా అమెరికన్లు ఉండాలని కోరవచ్చు. త్రాసు ముందే ఒక వైపు ఒరిగి ఉన్నప్పుడు న్యాయవాది తన విధిని ఎంత నిజాయితీగా చేసినా ఫలితం న్యాయం కాకపోవచ్చు. న్యాయవాది నీతి ఒంటరిగా నిలిచే నీతి కాదు. ఎదుటి పక్షానికీ అంతే బలమున్న వాది, పక్షపాతం లేని తీర్పరి ఉన్నారన్న ఊహ మీద అది ఆధారపడింది.

సరిగ్గా ఆ దశాబ్దంలోనే గురజాడ 'కన్యాశుల్కం' తొలిసారి ప్రదర్శితమైంది (1892). హత్యానేరం మీద పడిన లుబ్ధావధాన్లు తరఫున సౌజన్యారావు పంతులు నిలబడతాడు. నిజానికి చనిపోయినవారెవరూ లేరు. పెళ్లికూతురు ఆడవేషం వేసిన కుర్రవాడు. సౌజన్యారావుది ఈ అర్థంలో సులువైన కేసు: కక్షిదారు నిర్దోషి, వకీలు సజ్జనుడు. కానీ కేసును తేల్చే నిజం అతని సౌజన్యం వల్ల దొరకలేదు. అతడు గడప తొక్కనివ్వని వర్గానికి చెందిన మధురవాణి మారువేషంలో వచ్చి అందించింది. వకీలు నైతిక శుచి కక్షిదారు రక్షణకు అడ్డు కాగలదని గురజాడ గుర్తించినంత సూటిగా న్యాయశాస్త్ర గ్రంథాలు గుర్తించలేదనవచ్చు. రావిశాస్త్రి స్వయంగా న్యాయవాది; 'ఆరు సారా కథలు'లోని 'మాయ'లో ఆయన మరో మెట్టు దిగాడు. అక్కడ కోర్టు తీరును యువ ప్లీడరుకు బోధించేది ముద్దాయి ముత్యాలమ్మే.

ఈ రెండు రచనలూ కోస్తా, ఉత్తరాంధ్ర నేలవి. సీమ మెట్టనేలలో ప్రశ్న వేరే రూపం ధరిస్తుంది. వాన నమ్మరాని చోట, బోరు ఎండితే బతుకు ఎండే చోట, గ్రామంలోని పెద్ద ఇంటిని ఆశ్రయించక తప్పని రైతుకూలీ ఫ్యాక్షన్ కేసులో ముద్దాయిగా బోనెక్కుతాడు. కోర్టు ఖర్చు భరించేది నాయకుడు. న్యాయవాదిని కుదిర్చేదీ అతడే. అప్పుడు కక్షిదారు ఎవరు? ఫీజు ఇచ్చినవాడా, వకాలత్నామా మీద వేలిముద్ర వేసినవాడా? నాయకుని పేరు బయటపెడితే ముద్దాయికి మేలు జరిగే సందర్భాలు ఉంటాయి. నాయకునికి మేలు జరగాలంటే ముద్దాయి మౌనంగా జైలుకు పోవలసిన సందర్భాలూ ఉంటాయి. దోషిని వెనకేసుకురావడం గురించి జరిగే చర్చ అంతా ఇక్కడ పక్కకు తప్పుకుంటుంది. న్యాయవాది మోసగించేది న్యాయస్థానాన్ని కాదు, తన మనిషినే.

1872 నాటి సాక్ష్య చట్టం 126వ సెక్షన్ ఈ విషయంలో స్పష్టంగా ఉండేది. వృత్తిరీత్యా కక్షిదారు చెప్పిన మాటను అతని సమ్మతి లేకుండా న్యాయవాది వెల్లడించరాదు. కొత్త సాక్ష్య చట్టం ఈ రక్షణను కొనసాగించింది. ఆ సమ్మతి ఇవ్వవలసినవాడు కక్షిదారే గాని ఖర్చు భరించినవాడు కాడు. కానీ జామీను, భోజనం, ఇంటి దగ్గర పిల్లల తిండి నాయకుని చేతిలో ఉన్నవాడికి ఈ హక్కు ఉందని ఎవరు చెబుతారు? ఆ మాట చెప్పే బాధ్యత న్యాయవాదిదే. అది చెప్పాలంటే ముందుగా, ముద్దాయి వెంట వచ్చిన నాయకుని మనుషులను ఆఫీసు గది బయట కూర్చోబెట్టి, తలుపు మూసి, అతడు చెప్పేది విడిగా వినాలి.