సర్వస్వము నొడ్డుట

జూదమును మెచ్చుట యీ వ్యాసమున కుద్దేశము కాదు. అయినను వివేకమున కొక పరీక్ష అచ్చట తేటగా కానవచ్చును.

1970లో లాస్ వేగాస్ నగరమున ఆరంభమైన ప్రపంచ పోకరు పోటీలలో ప్రధానమైనదానికి ప్రవేశరుసుము 1972 నుండి 10,000 డాలర్లు. అందఱకును సమానముగా బిళ్లల నిత్తురు. ఆట సాగినకొలది తప్పనిసరి పందెము పెరుగును. బిళ్లలు తఱిగినవాడు మంచి ముక్కలకై కాచియుండలేక, ఉన్నదంతయు నొక్కమాఱే యొడ్డును.

బిళ్లలు మెండుగా గలవా డప్పుడేమి చేయవలెను? తప్పనిసరి పందెములు 500, 1,000 అనుకొందము. కొఱవడినవాడు 5,000 ఒడ్డెను, తక్కినవారు తప్పుకొనిరి. ముందే 1,000 పెట్టినవాడు మఱి 4,000 చేర్చినచో 6,500 గెలువవచ్చును. కావున నూటికి 39 పాళ్లు గెలుపున కవకాశమున్నను చేర్చుట లాభమే. బహుమానములు సమీపించినపుడు మాత్రము ఇంకను జాగ్రత్త వలయును; పోయిన బిళ్ల విలువ వచ్చిన బిళ్ల విలువకంటె అధికము. ఇట్లు యోచించియు ఓడెనేని వానిని నిందింపరాదు. యోచింపక గెలిచినవానిని పొగడను రాదు.

ఈ నీతిని సంసారమునకు తెచ్చుకొనువారు ఒక భేదమును మఱవరాదు. పోటీలో సర్వస్వమనగా బిళ్లలే. ఓడినవాడు రుసుము పోగొట్టుకొని లేచిపోవును. ధర్మరాజో, తమ్ములను, తన్ను, తుదకు ద్రౌపదిని ఒడ్డెను. ఆలి నగలను, బిడ్డల చదువును ఒడ్డి సాహసినని చెప్పుకొను గృహస్థుడు గెలుపోటముల లెక్కకు ముందే యొక ప్రశ్నకు బదులు చెప్పవలెను: ఒడ్డిన సొమ్మెవరిది?