జీతం తీసుకున్నవాడు శహీద్ అవుతాడా?



ఖరగ్‌పూర్‌లో విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌కి వెల్డింగ్ పనికి వెళ్లే మన కుర్రాళ్లతో ఒక ఆదివారం కూర్చుని, సుబేదార్ జోగీందర్ సింగ్ గారి సంగతి చెప్పుకుంటున్నాం. ఒక అబ్బాయి అడిగాడు: "ఆయన జీతానికే కదా వెళ్లింది, మరి శహీద్ ఎలా అవుతారు?" పెద్దలు కసిరారు. మాకు మాత్రం అది కసరాల్సిన ప్రశ్న అనిపించలేదు.

నిజమే, జీతానికే వెళ్లారు. పంజాబ్‌లో మోగా దగ్గర మాహ్లా కలాఁ ఆయన ఊరు. తండ్రి షేర్ సింగ్, తల్లి కృష్ణ కౌర్. సేద్యం చేసుకునే ఇల్లు, కలిగిన ఇల్లు కాదు. 1921లో పుట్టి, 1936లో, పదిహేనేళ్లకే సిక్కు రెజిమెంట్‌లో చేరారు. అప్పటి సైన్యం తెల్లదొరలది. దేశం కోసమే చేరారని చెబితే వినసొంపుగా ఉంటుంది గాని, మనం అలా చెప్పం. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని పేరుపడ్డ ఊరుంది. అక్కడి ఇళ్ల నుంచీ ప్రపంచ యుద్ధాలకు ఎందరో వెళ్లారు. పొలం అందరి కడుపూ నింపనప్పుడు రైతు బిడ్డకు సైన్యం ఒక దారి. కష్టపడి సంపాదించుకోవడాన్నే మనం కిరత్ అంటాం. అందులో చిన్నతనం ఏముంది?

1962 అక్టోబర్ 23. తవాంగ్ పైన, బుమ్ లా దారిలో ఆయన ప్లటూన్ మీదికి చైనా సైన్యం అలలు అలలుగా వచ్చింది. తొడలో తూటా దిగింది. వెనక్కి తీసుకెళ్తామంటే ఆయన ఒప్పుకోలేదు. తూటాలు అయిపోయాక, మిగిలిన కొద్దిమందితో బాయ్‌నెట్లు పట్టుకుని ఎదురెళ్లారు. (కత్తికి సానపట్టిన వంశం మనది. ఆ అంచు ఎంత దగ్గరి పోరాటమో మనకి వేరే చెప్పాలా!) గాయాలతో పట్టుబడి, శత్రువు చేతిలో ఖైదీగానే కన్నుమూశారు. పరమ వీర చక్ర ఇచ్చారు.

జీతం పహరాను కొంటుంది, కవాతును కొంటుంది. గాయపడినవాడు వెనక్కి వెళ్తే ఆ జీతం ఇచ్చేవాళ్లు కూడా తప్పుపట్టరు. అయినా నిలబడ్డారే, అది ఏ జీతం పుస్తకంలోనూ లేని లెక్క. అబ్బాయికి మేమిచ్చిన జవాబు ఇదే.

1963 మేలో చైనా వాళ్లు ఆయన అస్థికలను సైనిక మర్యాదలతో తిరిగి పంపారు. చివరికి ఆ కలశం భార్య గురుదయాళ్ కౌర్ గారి చేతికి చేరింది. ఆయన కథ చెప్పేవాళ్లం చాలామందిమి ఆమె పేరు దగ్గరికి రాకముందే ఆపేస్తాం. శహీద్ అన్న మాట ఎంత గొప్పదో, ఇంటి లెక్కను మూసేయడానికీ అంతే తేలిగ్గా పనికొస్తుంది. మేమూ అలా మూసినవాళ్లమే.

ఇంతలో వెనక కూర్చున్న ఒక బీబీ అంది: "మా ఆయన కొలిమి దగ్గర కాలి పోయారు. అదీ కూలికే. ఆయన్నేమంటారు?"

శహీద్ అని అనలేకపోయాం. ఆ మాటను అందరికీ పంచితే దాని బరువు పోతుంది. కానీ మోగాలో ఆ ఇంటికి ఏం బాకీ ఉన్నామో, ఈ ఇంటికీ అదే బాకీ అని మాత్రం ఒప్పుకున్నాం. పిల్లలెందరని అడిగాం. ముగ్గురట, పెద్దవాడు బడి మానేసి అప్పటికే పనిలో ఉన్నాడు. మొదట ప్రశ్న అడిగిన అబ్బాయి వాడే.