ధర్మరాజు చెప్పిన ఇల్లు

భారతం అరణ్యపర్వంలో యక్షుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నల్లో ఒకటి: లోకంలో సంతోషంగా ఉండేదెవరు? పొద్దు వాలాకైనా సరే, తన ఇంట్లో తాను ఇంత ఆకుకూర వండుకుంటూ, ఎవరికీ బాకీ పడకుండా, ఊరు విడిచి పోకుండా ఉన్నవాడని జవాబు. వినడానికి చిన్న కోరికే. కానీ అనంతపురం సీమలో ఆ మూడూ ఒక్క చూరు కింద ఇమడవు. ఇల్లు కావాలంటే అప్పు చేయాలి. అప్పు వద్దనుకుంటే డబ్బు కూడబెట్టడానికి బెంగళూరు బస్సెక్కాలి.

అందుకే ఇల్లు కొనేముందు చేతిలో ఎంత ఉండాలన్నది ఇక్కడ ధర్మరాజును పక్కన కూర్చోబెట్టుకుని తేల్చుకోవలసిన సంగతి.

ముందు బ్యాంకు లెక్క. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం గృహరుణం 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం వరకు ఇవ్వొచ్చు. 30 దాటి 75 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం. కాబట్టి 30 లక్షల ఇల్లు చూసుకున్నవాడు 3 లక్షలుంటే చాలనుకుంటాడు. రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కాక అసలు సంగతి తెలుస్తుంది. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1. మొత్తం 7.5 శాతం, అంటే మరో 2.25 లక్షలు. ఇంటి ధర 10 లక్షలు దాటితే ఈ ఖర్చును విలువలో కలిపి అప్పివ్వరు. లెక్క 5.25 లక్షలకు చేరింది.

ఇక మిగిలిన 27 లక్షల అప్పు. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లు కడితే నెలకు 23,400 పైచిలుకు, చివరికి వడ్డీయే 29 లక్షలు. ఒక్కసారిగా రాబట్టే వడ్డీ అసలును మించరాదని మనుస్మృతి హద్దు గీసింది. ‘దాందుపట్’ పేరుతో బ్రిటిష్ కాలపు బొంబాయి కోర్టులు కూడా ఆ సూత్రాన్ని పాటించాయి. నెలనెలా కట్టుకుంటూ పోయే వడ్డీకి ఆ హద్దు వర్తించదు, నిజమే. ఆ తూకంరాయిని పక్కన పెట్టుకుని చూస్తే మాత్రం గుండె కలుక్కుమంటుంది. వడ్డీని హరామ్‌గా గట్టిగా పాటించే కదిరి ముస్లిం కుటుంబానికైతే చేతిలో ఉండాల్సింది నూటికి నూరు.

అప్పు చేసైనా నెయ్యి తాగమన్నాడని చార్వాకుణ్ణి అందరూ తిడతారు. ఆ మాట మనకు దక్కింది ఆయన ప్రత్యర్థులు రాసిన పుస్తకాల్లోంచే. అయినా ఆయన పక్షాన ఒక వాదన ఉంది: నెలనెలా కట్టే అద్దె కూడా తిరిగిరాని వడ్డీ లాంటిదే.

అద్దెకు బదులు వాయిదా కడదామన్నా, చిక్కంతా వాన దగ్గర వస్తుంది. ఇక్కడ ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. చెనిక్కాయ రైతుకు ఆదాయం ఏడాదికొకసారి, అదీ వానొస్తే. వాయిదా మాత్రం వానతో పనిలేకుండా నెలకొకసారి వస్తుంది. ఊడలు దిగే వేళకు భూమిలో పదును లేకపోతే రైతుతో పాటు బట్టల అంగడివాడు, ట్రాక్టరు మెకానిక్కు, చీటీలు నడిపేవాడు అందరూ ఎండుతారు. అందుకే ఒక ఏడాది వాయిదాలకు సరిపడా 2.8 లక్షలు విడిగా ఉండాలి. మొత్తం 8 లక్షలు. ఆ సొమ్ము కూడా ఇంటిలోనే పోసి అప్పు తగ్గించుకుంటే వడ్డీ మిగులుతుంది కదా అంటారు లెక్కలొచ్చినవాళ్లు. మిగులుతుంది, కానీ కరువొచ్చిన ఏడు అడిగితే గోడ ఆ డబ్బు తిరిగివ్వదు. కాయలు బాగా పండిన ఏడు ఎటూ అసలుకు అదనంగా కట్టుకోవచ్చు. మారే వడ్డీ గృహరుణాన్ని ముందే తీర్చినందుకు జరిమానా వేయకూడదని 2012లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది.

8 లక్షల మాట కూలివాడి దగ్గర ఎత్తలేం. 1969లో స్పెయిన్ దేశపు సేవకుడు విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి దిగిన ఇంటి గోడ మీద, అద్భుతం కోసం వేచి చూడమని ఎవరో రాసిపెట్టి ఉంచారని చెబుతారు. ఆయన స్థాపించిన ఆర్డీటీ అనే సేవాసంస్థ తర్వాత పేదలకు వేల ఇళ్లు కట్టించింది, వాటిని ఆడవాళ్ల పేరు మీద రాసింది. ఆ అద్భుతం కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. చాలావరకు స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు నెలనెలా పంపిన చిన్న మొత్తాలతో కదిలింది.

మిగతావాళ్లు వలసనే నమ్ముకున్నారు. బెంగళూరు కూలి డబ్బుతో పల్లెల్లో లేచిన ఇళ్లు ఏడాదిలో చాలా రోజులు తాళంతో ఉంటాయి, ఉగాదికో జాతరకో తెరుచుకుంటాయి. గోడలకు సున్నం ఉంది, కాగితాల్లో పేరుంది, బాకీ తీరింది. ఆకుకూర మాత్రం బెంగళూరులో, అద్దె గదిలో ఉడుకుతోంది.