ఇంటి అప్పు – తమ్ముడి సంతకం



ఒక ఆదివారం రెండవ పూజ అయిన తర్వాత మా విచారణకు చెందిన దంపతులు నా దగ్గరకు వచ్చారు. పన్నెండేళ్ల క్రితం బ్యాంకు అప్పుతో మూడవ అంతస్తులో రెండు గదుల ఇల్లు కొనుక్కున్నారు. ఇప్పుడు ముసలి తల్లి మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేక పూజకు కూడా రాలేకపోతున్నది. ఆ ఇల్లు అమ్మి, కింది అంతస్తులో మరొకటి కొని, ఉన్న అప్పునే దానిమీదికి మార్పించుకోవాలని వారి ఆశ.

బ్యాంకువారు కుదరదన్నారు. ఇంటి అప్పు మనతోపాటు బండిలో ఎక్కించుకుపోయే సామాను కాదు. ఆ ఇంటి దస్తావేజులే దానికి తాకట్టు. పాత అప్పు తీర్చి, దస్తావేజులు విడిపించుకొని, కొత్త ఇంటికి కొత్తగా అడగాలి. చిక్కు అక్కడే వచ్చింది. సిబిల్ మార్కులు 300 నుండి 900 వరకు ఉంటాయి. ఈయనవి బాగా కిందికి పడిపోయాయి. తన వాయిదా ఒక్కటీ తప్పలేదు. కాని బావమరిది ట్రాక్టరు అప్పుకు జామీను సంతకం చేశాడు. అతడు కట్టడం మానివేశాడు. 1872 నాటి ఒప్పందాల చట్టం ప్రకారం, వేరే షరతు లేకపోతే, జామీనుదారుని బాధ్యత అప్పుదారుని బాధ్యతతో సమానమే.

ఒక ఏజెంటు ఉపాయం చెప్పాడట. తమ్ముడికి మంచి ఉద్యోగం ఉంది కనుక ఇల్లు అతడే కొని, అతడే కాపురం ఉండబోతున్నట్లు కాగితాలు పుట్టిస్తాడు. వాయిదాలు వీరు కట్టుకోవాలి. “ఇది పాపమా, ఫాదర్ గారూ? తమ్ముడే అందులో ఉంటాడని మీరొక ఉత్తరం రాసిస్తే పని జరుగుతుంది” అన్నది ఆమె.

“తమ్ముడికి తెలుసా?” అని అడిగాను. “తెలుసండీ. మరదలికి మాత్రం చెప్పలేదు” అన్నాడు భర్త. జవాబు సగం ఆ మాటలోనే ఉంది.

నేను ఉత్తరం రాయలేదు. ఆమె ముఖం చిన్నబోయింది. ఆ తల్లి బాధ నాకు తెలియనిది కాదు గనుక, రాయకపోవడానికి కారణం చెప్పవలసిన బాధ్యత నాపై ఉంది.

మొదటిది, ఆ మార్కులు మనిషి విలువను కొలవవు. అప్పులు ఎలా చెల్లించబడ్డాయో మాత్రమే చెబుతాయి. దేవుని రూపంలో సృష్టింపబడినవాని గౌరవం ఏ పట్టికలోనూ తగ్గదు. కాని బ్యాంకు ఆ లెక్క చూడడం కూడా అన్యాయం కాదు. అది అప్పిచ్చే డబ్బు మనలాంటివారు దాచుకున్నదే.

రెండవది, అన్నదమ్ములు ఆదుకోవడం తప్పు కాదు. తమ్ముడు బ్యాంకుకు అన్నీ చెప్పి, ఇంట్లో భార్యతో ఆలోచించి, తెలిసి బాధ్యత తీసుకుంటే అది ప్రేమకార్యమే. దాచిపెడితే అది అబద్ధం. అబద్ధంతోపాటు భారం కూడా చేతులు మారుతుంది. రేపు రెండు వాయిదాలు తప్పితే తమ్ముడి పేరు చెడుతుంది. బావమరిది తనకు చేసినదే ఈయన తమ్ముడికి చేసినవాడవుతాడు.

మూడవది, జామీను. సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 29వ అధ్యాయం పొరుగువానికి హామీ ఉండడం మంచివాని లక్షణమని చెబుతూనే, దానివల్ల కుటుంబాలు కూలిపోతాయని హెచ్చరిస్తుంది. ఇవ్వగలిగినంతకే సంతకం చేయాలి. పిల్లల అన్నాన్ని పణంగా పెట్టే హక్కు మనకు లేదు.

“మరి క్షమాపణ మాటేమిటి?” అని మీరు అడగవచ్చు. కనికరం న్యాయాన్ని కొట్టివేయదని, దానిని సంపూర్ణం చేస్తుందని పునీత తోమాసు అక్వినాసువారి బోధ. బావమరిదిని ద్వేషించకుండా ఉండడం క్షమాపణ. అతడు కట్టవలసినది కట్టడం న్యాయం. పాపసంకీర్తనంలో పాపం పోవచ్చు. తీర్చగల శక్తి ఉండగా అప్పు మాత్రం పోదు.

ఆ దంపతులకు నేను చెప్పినవి చిన్న పనులే. తమ సిబిల్ వివరాలు ఏడాదికొకసారి ఉచితంగా తెప్పించుకోవచ్చు. అందులో పొరపాటుంటే దిద్దమని అడగవచ్చు. తర్వాత బావమరిది ఇంటికి ముగ్గురం కలిసి వెళ్లాం. మొదట తలుపు తీయడానికే వెనుకాడాడు. చివరకు కోత డబ్బు రాగానే కొంత కట్టాడు. మిగిలినది కడతాడో లేదో చూడాలి.

ఇల్లు ఇంకా మారలేదు. ఆ సంగతి విన్న మన యువకులు నలుగురు ప్రతి ఆదివారం ఆ తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దింపుతున్నారు. మూడు అంతస్తులు. వారు మోస్తున్న ఆ బరువుకు ఏ బ్యాంకూ మార్కులు వేయదు.

ప్రియులారా, మీ కోసం ఎవరైనా జామీను సంతకం చేసి ఉంటే, ఈ వారం ఆ వాయిదా సంగతి చూడండి. మీ వల్ల ఎవరి తల్లి మెట్లమీద ఆగిపోయిందో ఆలోచించండి.